హైదరాబాద్ నుంచి డల్లాస్ ఎన్ని గంటలు? విమాన దూరం, ప్రయాణ సమయం ఇంట్లోనే లెక్కేసుకునే పద్ధతి

మా అత్తయ్య మొదటిసారి డల్లాస్ వెళ్తున్నప్పుడు టికెట్ ప్రింటు చేతిలో పట్టుకుని తనే లెక్క వేశారు. తెల్లవారుజామున 4:20కి శంషాబాద్‌లో ఎక్కడం, అదే రోజు సాయంత్రం 4:50కి డల్లాస్‌లో దిగడం. "పన్నెండున్నర గంటలేగా, విశాఖపట్నం రైలు ప్రయాణమంత" అన్నారు. కూడికలో ఆవిడ తప్పేమీ చేయలేదు. కాకపోతే ఎక్కే టైము హైదరాబాద్ గడియారంది, దిగే టైము డల్లాస్ గడియారంది. నిజానికి ఆ ప్రయాణం 23 గంటలు. కూకట్‌పల్లిలో ఇంటి తలుపు వేసినప్పటి నుంచి డల్లాస్ పక్కనే ఉన్న ఫ్రిస్కోలో కూతురి ఇంటి తలుపు తట్టేదాకా అయితే ముప్ఫై గంటలు దాటుతుంది. ఆవిడకు షుగర్ ఉంది. హ్యాండ్‌బ్యాగులో ఎన్ని పూటల మందులు పెట్టుకోవాలి, మధ్యలో ఎక్కడ ఏం తినాలి అన్నవన్నీ ఈ లెక్క మీదే ఆధారపడి ఉంటాయి.

ఆ రోజు కాగితం మీద రాసి చూపించిన పద్ధతినే ఇక్కడ వరసగా రాస్తున్నాను. డల్లాస్ బదులు మీరు వెళ్లే ఊరు పెట్టుకోండి, పద్ధతి మారదు. కాగితం, పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. ఇంట్లో గ్లోబు ఉంటే ఇంకా మంచిది.

1. ముందు ఊరి పేరు కాదు, ఎయిర్‌పోర్ట్ కోడ్ రాసుకోండి

దూరం చెప్పే వెబ్‌సైట్లలో హైదరాబాద్ అని కొడితే రెండు ఊళ్లు వస్తాయి. పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలో కూడా ఒక హైదరాబాద్ ఉంది. మన శంషాబాద్ రాజీవ్ గాంధీ ఎయిర్‌పోర్ట్ కోడ్ హెచ్‌వైడీ. వాళ్లది హెచ్‌డీడీ. తొందరలో తప్పు పేరు నొక్కితే వెయ్యి కిలోమీటర్లకు పైగా తేడా వచ్చి కూర్చుంటుంది.

అటువైపు ఊరి విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. డల్లాస్ పెద్ద ఎయిర్‌పోర్ట్ కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ. వాషింగ్టన్ ఎయిర్‌పోర్ట్ పేరు డలస్, దాని కోడ్ ఐఏడీ. ఫోన్‌లో వింటే మన చెవికి రెండూ ఒకేలా ఉంటాయి, కానీ ఒకటి టెక్సస్‌లో, ఇంకొకటి వర్జీనియాలో. అలాగే కాలిఫోర్నియాలో శాన్ హోసే ఉంది, కోస్టారికా దేశ రాజధాని పేరూ శాన్ హోసేనే. బర్మింగ్‌హామ్ ఇంగ్లండ్‌లోనూ ఉంది, అలబామాలోనూ ఉంది. పిల్లలు ఉండే ఊరి పేరు మీకు బాగా తెలిసినా, మూడక్షరాల కోడ్ వాట్సాప్‌లో రాసి పంపమనండి. నోటిమాట మీద బుక్ చేయకండి.

2. గ్లోబు మీద దారం పెట్టి దూరం కొలవండి

గోడ మీద వేలాడే ప్రపంచ పటాన్ని చూసి దూరం అంచనా వేస్తే తప్పు వస్తుంది. గుండ్రంగా ఉన్న భూమిని బల్లపరుపుగా సాగదీసి వేసిన బొమ్మ అది. ఆ పటంలో హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు స్కేలు పెట్టి గీత గీస్తే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం మీదుగా వెళ్తుంది. అసలు దగ్గర దారి అది కానే కాదు.

ఒక గ్లోబు తీసుకోండి. పిల్లల స్కూలు గ్లోబు సరిపోతుంది, లేదంటే కోఠిలో పుస్తకాల షాపుల్లో అడగండి. సన్నటి దారం ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస డల్లాస్ మీద పెట్టి బిగుతుగా లాగండి. దారం తనంతట తానే దగ్గర దారిలోకి జారుతుంది. ఎటు వెళ్తుందో చూస్తే మొదటిసారి నమ్మబుద్ధి కాదు. పడమరకు పోదు, నేరుగా ఉత్తరానికి ఎక్కి, ఉత్తర ధ్రువానికి దాదాపు అయిదు వందల కిలోమీటర్ల పక్కగా వెళ్లి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. కారణం సులువుగానే అర్థమవుతుంది. హైదరాబాద్ సుమారు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డల్లాస్ 97 డిగ్రీల పడమర రేఖాంశం మీద. రెండూ కలిపితే 175. అంటే మన ఊరికీ డల్లాస్‌కీ మధ్య దాదాపు సగం భూగోళం ఉంది. ఇటు నుంచి వెళ్లినా అటు నుంచి వెళ్లినా చుట్టు తిరగాల్సిందే కాబట్టి, పైనుంచి వెళ్లడమే దగ్గర.

ఇప్పుడు కొలత. అదే దారంతో గ్లోబు నడుము చుట్టూ, అంటే భూమధ్యరేఖ వెంట, ఒక చుట్టు కొలవండి. నిజమైన భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. మీ గ్లోబు చుట్టుకొలత 94 సెంటీమీటర్లు ఉందనుకోండి, ఒక్కో సెంటీమీటరు సుమారు 425 కిలోమీటర్లు అవుతుంది. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు దారం దాదాపు 34 సెంటీమీటర్లు వస్తుంది. గుణిస్తే 14,450. అసలు దూరం సుమారు 14,400 కిలోమీటర్లు. దారం, స్కేలుతో ఇంత దగ్గరగా రావడం చూస్తే పిల్లలకు చాలా సంతోషం వేస్తుంది. వేసవి సెలవుల్లో అమ్మమ్మ ప్రయాణం ఉంటే ఈ పని వాళ్లకే అప్పగించండి.

అదే గ్లోబు మీద శాన్‌ఫ్రాన్సిస్కో కూడా కొలిచి చూడండి. అమెరికా పడమటి చివర ఉంది కాబట్టి అదే ఇంకా దూరం అని చాలామంది అనుకుంటారు. కానీ హైదరాబాద్ నుంచి న్యూయార్క్ సుమారు 13,000 కిలోమీటర్లు, శాన్‌ఫ్రాన్సిస్కో సుమారు 13,500, మధ్యలో ఉన్న డల్లాస్ మాత్రం 14,400. శాన్‌ఫ్రాన్సిస్కోకు దగ్గర దారి తూర్పు వైపు నుంచి పోతుంది. అందుకే అక్కడికి వెళ్లేవాళ్లలో కొందరు సింగపూర్, హాంకాంగ్ మీదుగా వెళ్తారు.

3. లెక్కలు ఇష్టమైతే సూత్రంతో చూసుకోండి

ఇది తప్పనిసరి కాదు. ఇంటర్‌లో త్రికోణమితి చదివినవాళ్లకు అయిదు నిమిషాల పని. శంషాబాద్ అక్షాంశం 17.24 డిగ్రీల ఉత్తరం, రేఖాంశం 78.43 తూర్పు. డల్లాస్ 32.90 ఉత్తరం, 97.04 పడమర. రేఖాంశాల మధ్య తేడా 175.47 డిగ్రీలు (ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి కూడాలి. రెండూ ఒకే వైపు ఉంటే తీసేయాలి).

మొదట రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి. 0.296 ఇంటూ 0.543 అంటే 0.161. తర్వాత రెండు అక్షాంశాల కొసైన్‌లను, రేఖాంశాల తేడా కొసైన్‌ను కలిపి గుణించండి. 0.955 ఇంటూ 0.840 ఇంటూ మైనస్ 0.997, అంటే మైనస్ 0.800. రెండూ కూడితే మైనస్ 0.639. దీనికి కాలిక్యులేటర్‌లో కొసైన్ ఇన్వర్స్ నొక్కితే 129.7 డిగ్రీలు. భూమి మీద ఒక డిగ్రీ సుమారు 111.2 కిలోమీటర్లు. గుణిస్తే 14,420 వస్తుంది. కాలిక్యులేటర్ డిగ్రీల మోడ్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి. లెక్క తేడా వస్తే తొంభై శాతం కారణం అదే.

లెక్కలు వద్దనుకుంటే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైటులో రెండు కోడ్‌లు మధ్యలో గీత పెట్టి కొడితే దూరం, దారి రెండూ చూపిస్తుంది. అయితే అక్కడ దూరం ఏ కొలతలో ఇచ్చారో గమనించండి. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు. విమానాలవాళ్లు, ఓడలవాళ్లు వాడే నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. రెండింటినీ ఒకటే అనుకుంటే డల్లాస్ దూరంలో రెండు వేల కిలోమీటర్ల తేడా వస్తుంది.

4. మీ విమానం ఆగే ఊళ్ల మీదుగా మళ్లీ కూడండి

పై దూరం పక్షి ఎగిరినంత నేరు దూరం. మీ టికెట్ అలా ఉండదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టింది, తర్వాత అది ఆగిపోయింది. మనవాళ్లలో ఎక్కువమంది దుబాయ్, దోహా, అబుదాబి, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ లేదా ఢిల్లీ మీదుగానే వెళ్తారు. కాబట్టి ఒక్కో ముక్కా విడిగా కొలిచి కూడాలి.

దుబాయ్ మీదుగా అయితే హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి డల్లాస్ సుమారు 12,900. మొత్తం 15,450. నేరు దారి కన్నా వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ. వినడానికి పెద్దదిగా అనిపిస్తుంది కానీ, విమానానికి అది గంటా పది నిమిషాల పని. దోహా మీదుగా అయితే సుమారు 15,650. ఈ రెండింటి మధ్య తేడా పావుగంట. అందుకే నా అభిప్రాయం ఏమిటంటే, గల్ఫ్ ఊళ్లలో ఏది దగ్గర అని బుర్ర పాడు చేసుకోనక్కర్లేదు. మధ్యలో ఎంతసేపు ఆగాలి, అక్కడ మార్పు ఎంత సులువు అన్నవే చూసుకోండి.

ఇంకో సంగతి. విమానం దారం గీత మీదే పోదు. ఏ దేశం మీదుగా వెళ్లనిస్తారు, ఏ దేశం మీదుగా వెళ్లనివ్వరు అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా తన గగనతలాన్ని చాలా పాశ్చాత్య దేశాల విమానాలకు మూసేసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన దేశ విమానాలకు మూసింది. దాంతో ఢిల్లీ నుంచి పడమరకు వెళ్లే మన విమానాలు దక్షిణం వైపు చుట్టు తిరగాల్సి వచ్చింది. ఒకే ఊరికి ఒకే రోజు బయలుదేరే రెండు కంపెనీల విమానాలకు గంటకు పైగా తేడా ఉంటే దానికి ఇలాంటి కారణం ఉండొచ్చు.

5. కిలోమీటర్లను గంటల్లోకి మార్చండి

పెద్ద విమానాలు పైన గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతాయి. కానీ లెక్కకు 900 వేయకండి. పైకి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ. రన్‌వే దాకా నేల మీద పాకాలి. హైదరాబాద్ నుంచి విజయవాడ 270 కిలోమీటర్లే అయినా ఎల్బీ నగర్ దాటేసరికే గంట పోయినట్టు, విమానానికి కూడా మొదలు, చివర నెమ్మదే.

నేను వాడే లెక్క ఇది. పడమరకు వెళ్లేటప్పుడు దూరాన్ని 850తో భాగించి అరగంట కలపండి. తూర్పుకు వచ్చేటప్పుడు 900తో భాగించి అరగంట కలపండి. దుబాయ్ నుంచి డల్లాస్ 12,900ను 850తో భాగిస్తే 15.2 గంటలు, అరగంట కలిపితే 15 గంటల 40 నిమిషాలు. టికెట్ మీద సుమారు 16 గంటలు ఉంటుంది. తిరుగు ప్రయాణం 12,900ను 900తో భాగిస్తే 14.3, అరగంట కలిపితే 14 గంటల 50 నిమిషాలు. హైదరాబాద్ నుంచి లండన్ 7,750 కిలోమీటర్లకు ఈ లెక్కన 9 గంటల 40 నిమిషాలు వస్తుంది, టికెట్ మీద దాదాపు పది గంటలు ఉంటుంది. చిన్న ప్రయాణాలకు మాత్రం ఈ లెక్క కాస్త తక్కువ చూపిస్తుంది. దుబాయ్‌కి మూడున్నర వస్తుంది, టికెట్ మీద నాలుగు గంటలకు దగ్గరగా ఉంటుంది. ఆలస్యాలకు వీలుగా కంపెనీలు టైములో కాస్త ఎడం పెట్టుకుంటాయి. అందుకే ఒక్కోసారి చెప్పిన టైముకన్నా ముందే దిగుతాం.

వెళ్లేటప్పుడు ఎక్కువసేపు, వచ్చేటప్పుడు తక్కువసేపు ఎందుకు? భూమి తిరగడం వల్ల విమానం కింద ఊరు ముందుకొచ్చేస్తుందని కొందరు అంటారు. అది నిజం కాదు. భూమితో పాటు గాలీ తిరుగుతుంది, ఆ గాలిలో విమానమూ తిరుగుతుంది. అసలు కారణం జెట్ స్ట్రీమ్. సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు నది పారినట్టు వీచే బలమైన గాలి అది. చలికాలంలో ఇంకా బలంగా ఉంటుంది, కొన్నిచోట్ల గంటకు 300 కిలోమీటర్లు కూడా దాటుతుంది. తూర్పుకు వచ్చే విమానానికి అది వెనక నుంచి తోడ్పడుతుంది. పడమరకు పోయే విమానానికి ఎదురుగాలి అవుతుంది. పైలట్లు దాన్ని తప్పించుకోవడానికే రోజుకో దారి ఎంచుకుంటారు. మీ విమానం నంబరు ఫ్లైట్‌రాడార్24 అనే సైటులో వెతికితే గత కొన్ని రోజుల్లో నిజంగా ఎన్ని గంటలు పట్టిందో కనిపిస్తుంది. మీ లెక్కను దానితో పోల్చి చూసుకోండి.

6. అన్ని టైములనూ మన గడియారంలోకి మార్చండి

ఈ వ్యాసంలో ఒక్క మెట్టు మాత్రమే చేస్తానంటే ఇది చేయండి. పెద్దవాళ్లను తికమక పెట్టేది దూరం కాదు, గడియారాలు.

టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి టైమే. హైదరాబాద్‌లో ఎక్కే టైము హైదరాబాద్‌ది, దుబాయ్‌లో దిగే టైము దుబాయ్‌ది, డల్లాస్‌లో దిగే టైము డల్లాస్‌ది. వీటిని ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే వచ్చేది అర్థం లేని సంఖ్య. ముందు అన్నిటినీ మన టైములోకి మార్చండి, తర్వాత తీసేయండి.

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే గంటకు 15 డిగ్రీలు. మన దేశపు టైము 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఆధారపడింది. చిన్నప్పుడు చదువుకున్నాం కదా, మన కాకినాడకు దగ్గరగా వెళ్తుంది ఆ రేఖ. 82.5ను 15తో భాగిస్తే అయిదున్నర. అందుకే గ్రీనిచ్ టైముకన్నా మనం అయిదున్నర గంటలు ముందుంటాం. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, దోహా రెండున్నర గంటలు వెనక. ఈ రెండూ ఏడాది పొడవునా మారవు.

అమెరికా, యూరప్ మారతాయి. అమెరికాలో చాలా చోట్ల మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తెస్తారు. కాబట్టి డల్లాస్ ఎండాకాలంలో మనకన్నా పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. లండన్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మారుస్తారు. అక్కడ తేడా ఎండాకాలంలో నాలుగున్నర, చలికాలంలో అయిదున్నర. మార్చిలోనో నవంబరులోనో ప్రయాణమైతే దిగే రోజు తేదీని బట్టి ఏ తేడా వాడాలో చూసుకోండి.

మా అత్తయ్య టికెట్ ఎండాకాలంలోది, శనివారం ప్రయాణం. దుబాయ్‌లో దిగేది అక్కడి టైము 6:40, గంటన్నర కలిపితే మనకు 8:10. దుబాయ్‌లో మళ్లీ ఎక్కేది 9:50, మనకు 11:20. డల్లాస్‌లో దిగేది సాయంత్రం 4:50, పదిన్నర కలిపితే మనకు ఆదివారం తెల్లవారుజామున 3:20. ఇప్పుడు తీసేయండి. శనివారం 4:20 నుంచి ఆదివారం 3:20 దాకా సరిగ్గా 23 గంటలు. ముక్కలుగా కూడి సరిచూసుకోండి: దుబాయ్ దాకా 3:50, అక్కడ ఆగడం 3:10, తర్వాత 16 గంటలు. అదీ 23. రెండు రకాలుగా చేసినా ఒకే సంఖ్య వస్తే లెక్క సరిపోయినట్టు. రాకపోతే ఎక్కడో గంట తేడా ఉన్నట్టు.

దిగే టైము పక్కన ఒక్కోసారి చిన్నగా +1 అని ఉంటుంది. మర్నాడు దిగుతారని అర్థం. +2 ఉంటే ఎల్లుండి.

7. అర్ధరాత్రి తేదీ దగ్గర ఆగి మళ్లీ చూడండి

హైదరాబాద్ నుంచి విదేశాలకు వెళ్లే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లవారకముందు బయలుదేరతాయి. ప్రమాదం అక్కడే ఉంది. మా చిన్నాన్నకు 15వ తేదీ 02:10కి విమానం. 15వ తేదీ రాత్రి అనుకుని, ఆ పగలంతా సర్దుకుని, బంధువులందరికీ వీడ్కోలు చెప్పి, రాత్రి పదకొండింటికి శంషాబాద్ చేరారు. విమానం అప్పటికి దాదాపు 21 గంటల ముందే వెళ్లిపోయింది. కొత్త టికెట్‌కు ఎంతయిందన్నది పక్కన పెడితే, ఆ రాత్రి ఆయన ముఖం ఇప్పటికీ మర్చిపోలేను.

కాబట్టి ఎక్కే టైము 00:00కూ 06:00కూ మధ్య ఉంటే, ముందు రోజు పేరు రాసి దాని కింద ఎర్ర పెన్నుతో గీత గీయండి. "14వ తేదీ రాత్రి ఇంటి నుంచి బయలుదేరాలి" అని పూర్తి వాక్యంగా రాయండి. క్యాబ్ బుక్ చేసేటప్పుడూ, రాహుకాలం, వర్జ్యం చూసుకునేటప్పుడూ ఇంటి నుంచి బయటికి అడుగుపెట్టే టైమే తీసుకోండి, విమానం టైము కాదు.

8. మధ్యలో ఆగే టైము సరిపోతుందా?

దుబాయ్, దోహా లాంటి చోట్ల రెండున్నర నుంచి నాలుగు గంటల మధ్య ఉంటే నాకు నచ్చుతుంది. గంటన్నర ఉంటే మొదటి విమానం అరగంట ఆలస్యమైనా టెన్షన్. వీల్‌చెయిర్ పెట్టించుకునేవాళ్లకు మూడు గంటలకు తగ్గకూడదంటాను.

రెండు విమానాలూ ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్‌ఆర్ మీద ఉన్నాయో లేదో తప్పక చూడండి. ఒకే టికెట్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా, వాళ్లే వేరే విమానంలో పంపాలి. మా కాలనీలో ఒకావిడకు ఒక ఏజెంటు చౌకగా వస్తుందని రెండు వేర్వేరు టికెట్లు తీసిచ్చాడు. మొదటిది ఆలస్యమైంది, రెండో టికెట్ పూర్తిగా పోయింది, సామాను కూడా ఆవిడే మధ్యలో తీసుకోవాల్సి వచ్చింది.

అమెరికా లోపల ఇంకో విమానం మారాల్సి ఉంటే లెక్క వేరు. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమ్మిగ్రేషన్ అవుతుంది, పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించాలి, మళ్లీ సెక్యూరిటీ. దానికి మూడు గంటలైనా పెట్టుకోండి. అబుదాబి మీదుగా వెళ్తే మాత్రం అమెరికా ఇమ్మిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది. అంటే అక్కడే ఆగే టైము ఎక్కువ ఉండాలి, అమెరికాలో దిగాక హాయి.

9. తలుపు నుంచి తలుపు దాకా కలపండి

విమానం టైముకు రెండు చివర్లూ కలిపితేనే నిజమైన ప్రయాణ సమయం. కూకట్‌పల్లి, మియాపూర్ వైపు నుంచి శంషాబాద్ దాదాపు 40 కిలోమీటర్లు. రాత్రి ఔటర్ ఎక్కితే గంటలోపే చేరతారు, సాయంత్రం ట్రాఫిక్‌లో అయితే గంటన్నర అనుకోండి. వరంగల్, కరీంనగర్ నుంచి నేరుగా వచ్చేవాళ్లు నాలుగు గంటలకు పైగానే పెట్టుకోవాలి. విమానానికి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి. చాలా కంపెనీలు గంట ముందే చెక్-ఇన్ కౌంటర్ మూసేస్తాయి.

అటువైపు ఇమ్మిగ్రేషన్, పెట్టెలు, కస్టమ్స్‌కు రెండు గంటలు వేయండి. డల్లాస్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఫ్రిస్కోకు కారులో ముప్పావు గంట, ఇర్వింగ్ అయితే ఇంకా దగ్గర.

ఇప్పుడు ఒక తెల్లకాగితం మీద మన టైములోనే ఇలా రాయండి:

శుక్రవారం రాత్రి 11:30: ఇంటి నుంచి కారు
శనివారం తెల్లవారుజామున 4:20: శంషాబాద్‌లో విమానం
శనివారం ఉదయం 8:10: దుబాయ్‌లో దిగడం, టిఫిన్
శనివారం ఉదయం 11:20: దుబాయ్‌లో రెండో విమానం
ఆదివారం తెల్లవారుజామున 3:20: డల్లాస్‌లో దిగడం
ఆదివారం ఉదయం 6:05: కూతురి ఇల్లు

మొత్తం 30 గంటల 35 నిమిషాలు. ఈ కాగితం మూడు ప్రతులు తీయండి. ఒకటి ప్రయాణించేవాళ్ల హ్యాండ్‌బ్యాగులో, ఒకటి ఇక్కడ ఇంట్లో, ఒకటి ఫోటో తీసి అటువైపు పిల్లలకు. బీపీ, షుగర్ మందులు ఉన్నవాళ్లు దీన్ని డాక్టరుకు చూపించి, ఏ మందు ఎన్ని గంటలకు వేసుకోవాలో దాని మీదే రాయించుకోండి. మా అత్తయ్య చేతి గడియారం డల్లాస్‌లో దిగేదాకా మన టైములోనే ఉంచుకున్నారు, మందుల విషయంలో ఎక్కడా తడబడలేదు. ఇంట్లో ఉన్నవాళ్లకూ మేలే. శనివారం పగలంతా ఫోన్ రాలేదని కంగారు పడరు, ఆ 16 గంటలూ ఆవిడ గాల్లోనే ఉన్నారని కాగితం చెబుతుంది.

10. తిరుగు ప్రయాణాన్ని కొత్తగా లెక్కించండి

వెళ్లిన లెక్కనే తిరగేస్తే సరిపోదు. తూర్పుకు వచ్చేటప్పుడు గాల్లో తక్కువసేపు, కానీ క్యాలెండరు ముందుకు దూకుతుంది. అత్తయ్య తిరుగు టికెట్ కూడా ఎండాకాలంలోదే. శనివారం మధ్యాహ్నం 12:10కి డల్లాస్‌లో ఎక్కడం. మనకది శనివారం రాత్రి 10:40. దుబాయ్‌కి 14 గంటల 50 నిమిషాలు, అంటే మన టైములో ఆదివారం మధ్యాహ్నం 1:30. అక్కడ 9 గంటల 50 నిమిషాలు ఆగాలి, రాత్రి 11:20కి రెండో విమానం, మూడున్నర గంటల ప్రయాణం. శంషాబాద్‌లో దిగేది సోమవారం తెల్లవారుజామున 2:50. మొత్తం 28 గంటల 10 నిమిషాలు.

గాల్లో గంటన్నర తగ్గినా, మధ్యలో ఆగే టైము వల్ల ప్రయాణం అయిదు గంటలు పెరిగింది. దాదాపు పది గంటలు ఎయిర్‌పోర్ట్ కుర్చీలో కూర్చోవడం అరవై దాటినవాళ్లకు కష్టం. కొంచెం డబ్బు ఎక్కువైనా తక్కువసేపు ఆగే టికెట్ చూడండి, లేదా అక్కడ పడుకోవడానికి గది దొరుకుతుందేమో ముందే కనుక్కోండి.

ఇక తీసుకురావడానికి వెళ్లేవాళ్లకు. టికెట్ మీద సోమవారం అని ఉంటుంది, మీరు నిద్ర మానుకోవాల్సింది ఆదివారం రాత్రి. విమానం 2:50కి దిగితే, ఇమ్మిగ్రేషన్ అయి పెట్టెలు తీసుకుని బయటికి వచ్చేసరికి నాలుగు గంటలవుతుంది. కూకట్‌పల్లి నుంచి కారు రెండున్నరకు కదిలితే చాలు. ఆదివారం పడుకునే ముందు అలారం పెట్టుకోండి.